వృద్ధులను మంచము పట్టనీయరాదు

ఇంటిలోని పెద్దవారు లేచి తిరుగుచున్నంతకాలము వారి ఆరోగ్యమును గూర్చి ఎవరును అంతగా తలపోయరు. ఒకనాడు వారు కాలు జారి పడుదురు. లేదా నాలుగు దినములు జ్వరము తగులును. లేదా కారణమేమియు కానరాకయే భోజనము తగ్గించి, మాట తగ్గించి, గోడవైపు తిరిగి పరుండుదురు. ఇంటివారు "పెద్దతనము గదా" అని సరిపెట్టుకొందురు. చూడవచ్చినవారు, ఇక కృష్ణా రామా అనుకొనుచు కాలము గడుపవలసినదే యందురు. అట్లు మంచము పట్టినవారు పలువురు మరల లేవరు. ఇది ప్రతి గ్రామమునందును, ప్రతి పట్టణమునందును జరుగుచున్నది గనుక ఇదియే ప్రకృతిధర్మమని మనము నమ్మియున్నాము.

ఈ నమ్మకము చాలవరకు పొరపాటని గడచిన నూరు సంవత్సరములలో వైద్యశాస్త్రము నిరూపించినది. మంచము పట్టిన వృద్ధులలో పెక్కుమందికి అట్టి స్థితి కలుగుటకు వయస్సొక్కటే కారణము కాదు. గుర్తింపబడని వ్యాధి యొకటి, తగని మందొకటి, ఎడతెగని విశ్రాంతి యొకటి కలిసి వారిని పడవేయుచున్నవి. ఆ కారణములను వెదకి తొలగించినచో వారిలో ననేకులు మరల తమ పనులు తాము చేసికొనగలరు. ఈ సత్యము పునాదిగా వెలసిన వైద్యశాఖకు వార్ధక్య వైద్యశాస్త్రమని పేరు. దీనినే జెరియాట్రిక్స్ అందురు. ఈ శాస్త్రము ఎట్లు పుట్టినది, వైద్యులు దీనిని ఎట్లు పెంపొందించిరి, మన దేశమున దీని స్థితి యెట్లున్నది, దీనివలన మన కుటుంబములు పొందదగిన మేలెట్టిది యను విషయములు ఈ చిన్న పుస్తకమున వివరింపబడుచున్నవి.

పెరుగుచున్న వృద్ధుల సంఖ్య

స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మన దేశమందు పుట్టిన శిశువు సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. నేడది 70 సంవత్సరముల మేరకు పెరిగినది. మశూచి సమూలముగా నశించినది. కలరా, మలేరియా, క్షయ వంటి వ్యాధులకు మంచి చికిత్సలు లభించినవి. శిశుమరణములును, ప్రసూతి మరణములును చాలవరకు తగ్గినవి. తత్ఫలితముగా, 1951 జనాభా లెక్కలలో సుమారు 2 కోట్లుగా నున్న 60 ఏండ్లు నిండినవారి సంఖ్య 2011 లెక్కలనాటికి 10 కోట్ల 38 లక్షలైనది. అనగా ఆనాటికి జనాభాలో నూటికి 8.6 మంది వృద్ధులు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఈ వయస్సువారే కాగలరని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా.

ఈ లెక్కలలో మరి రెండు విషయములు గమనింపదగి యున్నవి. 2011లో వృద్ధ స్త్రీలు సుమారు 5 కోట్ల 30 లక్షలు కాగా, వృద్ధ పురుషులు 5 కోట్ల 10 లక్షలు. స్త్రీలు ఎక్కువకాలము జీవించుచున్నారు. కాని వారిలో పెక్కుమంది భర్తను గోల్పోయి, స్వంత ఆదాయము లేక, ఇతరులపై నాధారపడి యున్నారు. వారు తమ బాధను నోరు విప్పి చెప్పుటయు అరుదు. రెండవ విషయము: వృద్ధులలో నూటికి 71 మంది నివాసము గ్రామములలోనే. వారి బిడ్డలు బ్రతుకుతెరువునకై దూరప్రాంతములకు పోవుచున్నారు. నిపుణులైన వైద్యులో, నగరములలో నున్నారు.

ఆరోగ్య మంత్రిత్వశాఖ పక్షమున 2017-18లో జరిగి, 2021లో ప్రకటింపబడిన దేశవ్యాప్త సర్వేక్షణ ఫలితముల ప్రకారము వృద్ధులలో నూటికి 75 మందికి ఏదో యొక దీర్ఘవ్యాధి కలదు. ఆయుర్దాయమును పెంచుట ప్రజారోగ్యశాఖ సాధించిన మొదటి విజయము. అట్లు లభించిన అదనపు సంవత్సరములను మనుష్యుడు మంచముమీద గాక తన ఇంట, తన వారి నడుమ, తన కాళ్ళపై నిలిచి గడుపునట్లు చేయుట మిగిలియున్న కర్తవ్యము.

శాస్త్రము పుట్టుక

ముదిమికి ప్రత్యేక వైద్యము కావలెనను ఆలోచన మన దేశమునకు క్రొత్తది కాదు. ఎనిమిది అంగములు గల ఆయుర్వేదమున బాలురకై కౌమారభృత్యమున్నట్లే, జర నెదుర్కొనుటకై రసాయనతంత్రమను ప్రత్యేకాంగము కలదు. కాని ఆధునికములైన ఆసుపత్రులలో శిశువులకు వేరుగా వైద్యులును వార్డులును ఏర్పడిన తరువాతకూడ, చాలకాలమువరకు వృద్ధులకు అట్టి ఏర్పాటు లేకుండెను.

వియన్నాలో జన్మించి న్యూయార్కులో వైద్యవృత్తి నవలంబించిన డాక్టర్ ఇగ్నాట్జ్ నాషర్ ఈ లోపమును గుర్తించి, 1909లో జెరియాట్రిక్స్ అను పదమును సృష్టించిరి. 1914లో అదే పేరుతో నొక గ్రంథమును ప్రకటించిరి. శైశవమందు దేహధర్మములు ఎట్లు ప్రత్యేకములో వార్ధక్యమందును అట్లే ప్రత్యేకములనియు, ముదిమి వేరు, ముదిమిలో వచ్చు వ్యాధి వేరనియు వారి వాదము. ఆనాటి వైద్యలోకము ఆ మాటను అంతగా చెవిని బెట్టలేదు.

ఆ సిద్ధాంతమును ఆచరణలో పెట్టి చూపినవారు ఇంగ్లండు దేశపు వైద్యురాలు డాక్టర్ మార్జొరీ వారెన్. 1935లో లండను నగరమునకు పడమటనున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రివారు, తమ ప్రక్కనే యున్న దిక్కులేనివారి ఆశ్రయగృహపు వైద్యశాలను తమ అధీనములోనికి తీసికొనిరి. అందు 714 పడకలుండెను. ఎన్నో సంవత్సరములుగా కదలక మెదలక పరుండియున్న వృద్ధులు, మతి చెడినవారు, పక్షవాతము వచ్చినవారు, గుండెజబ్బువారు అందరును ఒకేచోట కలగలుపుగా నుండిరి. వారికి అన్నము, పడక, శుభ్రత తప్ప వేరొక చికిత్స యుండెడిది కాదు. వ్యాధినిర్ణయము చేయవలెనని ఎవరికిని తోచియుండలేదు.

డాక్టర్ వారెన్ చేసిన మొదటి పని ప్రతి రోగిని క్రొత్తగా పరీక్షించుట. ఎవరికి ఏ వ్యాధి గలదో, ఎవరు ఎంతవరకు కోలుకొనగలరో నిర్ణయించి, వారిని వేర్వేరు వార్డులకు మార్చిరి. గోడలకు లేతరంగులు వేయించి, వెలుతురు పెంచిరి. రోగులను పడకలనుండి లేపి కుర్చీలలో కూర్చుండబెట్టిరి. నడకకు ఊతలు సమకూర్చిరి. వ్యాయామము చేయించువారిని, పనిపాటలు తిరిగి నేర్పువారిని నియమించిరి. పక్షవాతము వచ్చినవారు సైతము మరల అడుగులు వేసిరి. కొందరు స్వగృహములకు, కొందరు వసతిగృహములకు మరలిపోయిరి. కాలక్రమమున ఆ రోగులకు కావలసిన పడకల సంఖ్య సుమారు 240కి తగ్గినది. మందులలో క్రొత్త వింత యేదియు కనిపెట్టకుండ, కేవలము శ్రద్ధతో పరీక్షించి లేపి నడిపించుటచేత సిద్ధించిన ఫలమిది.

1943లోను, 1946లోను వారు వైద్యపత్రికలలో ప్రకటించిన వ్యాసములలో మూడు కోరికలను ముందుంచిరి. వార్ధక్య వైద్యము ప్రత్యేకశాఖగా గుర్తింపబడవలెను. వృద్ధుల వార్డులు ఊరి చివర గాక, సకల పరికరములు గల పెద్దాసుపత్రిలోనే యుండవలెను. వైద్యవిద్యార్థులకు ఈ విషయమును బోధింపవలెను. అమెరికాలో 1942లోను, బ్రిటనులో 1947లోను ఈ శాఖకు చెందిన వైద్యసంఘములు స్థాపితమైనవి. 1948లో ఏర్పడిన బ్రిటిష్ జాతీయ ఆరోగ్యసేవలో వృద్ధవైద్యులకు స్థానము లభించినది.

వృద్ధులలో వ్యాధి వేరుగా కనబడును

వృద్ధులకు వేరుగా వైద్యశాస్త్రమేల? వ్యాధులన్నియు ఒకటే గదా యని కొందరడుగుదురు. వ్యాధులొకటే యైనను అవి వృద్ధుల శరీరమున కనబడు తీరు వేరు.

యువకునికి న్యుమోనియా వచ్చినచో జ్వరము, దగ్గు, ఆయాసము స్పష్టముగా నుండును. వృద్ధునికి జ్వరమే రాకపోవచ్చును. అతడు ఒక్కరాత్రిలో అన్నము మానివేయవచ్చును, లేదా పడిపోవచ్చును, లేదా పొంతనలేని మాటలాడవచ్చును. గుండెపోటు వచ్చినను రొమ్ములో నొప్పి లేక, కేవలము నీరసమో ఆయాసమో కనబడవచ్చును. మూత్రమార్గమున చీము చేరినను, దేహమున నీరు తగ్గినను, మలబద్ధకము ముదిరినను మనస్సు కలవరపడి సన్నిపాత లక్షణములు కలుగును. థైరాయిడ్ గ్రంథి మందగించినచో అది సోమరితనమువలె కనబడును. మనోవేదనవలన కలిగిన క్రుంగుబాటు మతిమరపువలె తోచును. బి-12 విటమిన్ లోపించినచో కాళ్ళు తిమ్మిరులెక్కి, జ్ఞాపకశక్తి సన్నగిల్లును. మాంసాహారము ముట్టనివారిలో ఈ లోపము విశేషముగా కనబడును. వీనినన్నిటిని "ముసలి చాదస్తము" అను ఒక్క మాటతో తోసివేయుట వలన, కుదురదగిన వ్యాధి కుదురని వ్యాధిగా మారుచున్నది.

స్కాట్లండు దేశీయుడైన డాక్టర్ బెర్నార్డ్ ఐజాక్స్ వార్ధక్యమునకు నాలుగు మహాసమస్యలు కలవని చెప్పిరి: కదలిక కోల్పోవుట, నిలకడ తప్పి పడిపోవుట, మలమూత్రములను ఆపుకొనలేకపోవుట, బుద్ధి మందగించుట. ఇవి వ్యాధుల పేర్లు కావు. వ్యాధులు చేసిన పని. ఒక్కొక్కదాని వెనుక మూడు నాలుగు కారణములుండును. అందులో ఒకటి రెంటిని సవరించినను రోగి స్థితి మారును. ఉదాహరణకు, రాత్రి పడిపోయిన వృద్ధురాలికి కంటి శుక్లము, కాలి బలహీనత, నిద్రమాత్ర, దీపములేని నడవ అను నాలుగు కారణములు కూడి యుండవచ్చును. శుక్లము తీయించి, మాత్ర మానిపించి, నడవలో దీపము పెట్టినచో ఆమె కాలిబలము పూర్తిగా రాకున్నను మరల పడు ప్రమాదము తగ్గును.

సమగ్ర పరీక్ష

ఈ శాస్త్రమునకు ముఖ్యసాధనము సమగ్ర పరీక్ష. వైద్యుడు, నర్సు, ఫిజియోథెరపిస్టు, అవసరమును బట్టి ఇతరులును కలిసి వృద్ధుని దేహమును, మనస్సును, దినచర్యను, గృహస్థితిని విచారింతురు. "మీకేమి జబ్బు?" అనుటకు మారుగా "మీరేమి చేసికొనగలరు? నిరుడు చేసికొన్న పనులలో నేడు ఏది చేసికొనలేకున్నారు?" అని యడుగుదురు.

1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు దీనికై ఆరు పనులను నిర్ణయించిరి: స్నానము చేయుట, బట్టలు కట్టుకొనుట, పాయఖానాకు పోయి వచ్చుట, పడకనుండి కుర్చీకి మారుట, మలమూత్రములను అదుపులో నుంచుకొనుట, తన చేత తాను భుజించుట. వీనిలో ఏది తప్పినదో తెలిసినచో సాయము ఎచ్చట కావలెనో తెలియును. నడకను చూచుటకు 1991లో మరియొక సులభమైన పరీక్ష ఏర్పడినది. కుర్చీనుండి లేచి, 3 మీటర్లు, అనగా సుమారు పది అడుగులు నడచి, వెనుకకు తిరిగి వచ్చి కూర్చుండవలెను. దీనికి 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టినచో పడిపోవు ప్రమాదము కలదని గ్రహింపవలెను.

బుద్ధిని పరీక్షించుటకు పాశ్చాత్యులు వ్రాసిన ప్రశ్నలు చదువు రాని మన గ్రామీణులకు పనికిరావు. నేటి తేదీ యేమి, ఒక వాక్యము వ్రాయుమని యడిగినచో తెలివిగలవారును తప్పుదురు. ఈ చిక్కును తీర్చుటకు భారతీయ, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెలలో పనిచేసి, చదువురాని వృద్ధులకు అనువైన హిందీ ప్రశ్నావళిని సిద్ధపరచి 1995లో ప్రకటించిరి. శాస్త్రమును ప్రజలున్న చోటికి తెచ్చుటకు ఇది మంచి నిదర్శనము.

ఇంత శ్రమకు తగిన ఫలము కలదా? 1984లో కాలిఫోర్నియాలోని ఒక ఆసుపత్రిలో జరిగిన పరిశోధన ప్రసిద్ధమైనది. సమగ్ర పరీక్ష, చికిత్స పొందినవారిలో ఏడాదిలోపల నూటికి 24 మంది మరణింపగా, సాధారణ చికిత్స పొందినవారిలో 48 మంది మరణించిరి. అది చిన్న పరిశోధన. పిమ్మట అనేక దేశములలో జరిగిన 29 పరిశోధనలను, వానిలోని 13,766 మంది రోగులను 2017లో ఒక్కటిగా సమీక్షించిరి. మరణముల సంఖ్యలో అంత భేదము కనబడలేదు. కాని సమగ్ర పరీక్ష పొందినవారిలో సజీవులై తమ స్వగృహములలో నివసించువారి సంఖ్య ఎక్కువగా నుండెను, సంరక్షణాలయములలో చేరవలసినవారి సంఖ్య తగ్గెను. ఈ శాస్త్రము మృత్యువును జయింపజాలదు. ఉన్న ఆయువును ఇంటనే గడుపునట్లు చేయుటయే దీని వాగ్దానము.

విశ్రాంతి చేయు కీడు

జబ్బుపడిన పెద్దవారిని కదలనీయకుండుట భక్తిశ్రద్ధలకు గుర్తని మన కుటుంబములలో తలంతురు. నీళ్ళు చేతికందించుట, అన్నము మంచముకడకు తెచ్చుట, లేవబోయినచో వారించుట ప్రేమవలన జరుగుచున్న పనులే. కాని ఈ ప్రేమ హానికరము.

2007లో అమెరికాలో ఆరోగ్యవంతులైన కొందరు వృద్ధులను పరిశోధనకై 10 దినములపాటు పడకమీదనే యుంచిరి. ఆ పది దినములలో వారి కాళ్ళ కండ సుమారు ఒక కిలో తగ్గినది. ఏ జబ్బును లేనివారి సంగతియే యిట్లుండగా, జ్వరముతో, చాలని ఆహారముతో రెండు వారములు పరుండినవారి సంగతి చెప్పనేల? కండతోబాటు కీళ్ళు బిగుసుకొనును, ఊపిరితిత్తులలో కఫము నిలుచును, కాలి నరములలో రక్తము గడ్డకట్టును, పిరుదులయందు, మడమలయందు పుండ్లు పడును, మలబద్ధకము కలుగును, మనస్సు మందగించును. జ్వరము తగ్గిన తరువాత లేవబోయినచో కాళ్ళు నిలువవు. అంతట ఇంటివారు "జబ్బు తగ్గినది గాని వయస్సు పడవేసినది" అందురు. పడవేసినది వయస్సు కాదు, పడక.

కావున వైద్యుడు ప్రత్యేకముగా వారించిననే తప్ప, జబ్బుపడిన వృద్ధులను దినమునకు కొన్నిమారులు కూర్చుండబెట్టవలెను. భోజనము కూర్చుండియే చేయింపవలెను. ఊతమిచ్చి నాలుగడుగులైనను నడిపింపవలెను. తుంటి యెముక విరిగినవారికి సైతము సాధ్యమైనంత త్వరగా శస్త్రచికిత్స చేయించి, వెంటనే నిలువబెట్టుట నేటి పద్ధతి.

మందులయందు మితము

వయస్సు పెరిగిన కొలది మూత్రపిండముల శక్తి తగ్గును. మందు దేహమున ఎక్కువసేపు నిలుచును. ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క వైద్యుడు వ్రాసిన మాత్రలన్నియు కలిసి పది పండ్రెండు కాగా, ఒకదాని దోషమును మరియొక జబ్బుగా భ్రమించి వేరొక మందు వ్రాయుటయు కలదు. రక్తపోటు తగ్గించు కొన్ని మాత్రలవలన కాళ్ళు వాచును. ఆ వాపునకై మూత్రమును జారీచేయు మాత్ర నిత్తురు. దానివలన రాత్రి పలుమారులు లేవవలసి వచ్చును. చీకటిలో లేచినప్పుడు కాలు జారును. తుంటి యెముక విరిగిన కారణము మొదటి మాత్రయని ఎవరికిని తోచదు.

1991లో అమెరికా వైద్యుడు మార్క్ బియర్స్ వృద్ధులకు సాధారణముగా నీయదగని మందుల పట్టికను సిద్ధపరచిరి. అది పలుమారులు సవరింపబడి నేటికిని వాడుకలో నున్నది. నిద్రమాత్రలు, జలుబునకు వాడు కొన్ని పాతకాలపు మాత్రలు, దీర్ఘకాలము వాడు కీళ్ళనొప్పుల మాత్రలు జాగ్రత్తగా చూడవలసినవి. అయితే ఏ మందునైనను స్వయముగా మానరాదు. మాన్పించుట, తగ్గించుట వైద్యుని పని.

మన దేశమున జరిగిన కృషి

భారతదేశమున ఈ శాఖకు పునాది వేసినవారిలో ముఖ్యులు డాక్టర్ వి. ఎస్. నటరాజన్ గారు. 1978లో వారు మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో వృద్ధులకు ప్రత్యేక ఔట్ పేషెంటు విభాగమును ప్రారంభించిరి. దేశమున అట్టిది అదియే మొదటిది. 1996లో మద్రాసు వైద్యకళాశాలలో ఈ శాఖయందు ఎం.డి. పట్టమునకు చదువు మొదలైనది. 2012లో ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. మతిమరపు వ్యాధిగ్రస్తుల కుటుంబములకు తోడ్పడుటకై 1992లో కేరళలో అల్జీమర్స్ వ్యాధి సంఘము స్థాపితమైనది. కోళికోడ్ నగరమున 1993లో ఆరంభమైన ఉపశమన చికిత్సా సంఘము, నయము కాని వ్యాధులతో మంచమందున్నవారిని వారి యిండ్లలోనే నర్సులును, శిక్షణ పొందిన ఇరుగుపొరుగువారును చూచుకొను పద్ధతిని పెంపొందించినది. లేవలేనివారికిని నొప్పి లేకుండ, పుండు పడకుండ, గౌరవముతో జీవించు హక్కు కలదని ఈ ఉద్యమము చాటినది.

ప్రభుత్వపక్షమున 1999లో వృద్ధుల జాతీయ విధానము ప్రకటింపబడినది. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. దీని ప్రకారము పోషణ లేని తల్లిదండ్రులు ట్రిబ్యునలు నాశ్రయించి బిడ్డలనుండి మనోవర్తి పొందవచ్చును. 2010-11లో వృద్ధుల ఆరోగ్యసంరక్షణకు జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వారమునకొక దినము వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డు, ఎంపికైన వైద్యకళాశాలలలో 30 పడకల విభాగము, ఉపకేంద్రపు సిబ్బంది మంచమందున్నవారి ఇంటికి పోయి చూచుట దీని ప్రణాళిక. ఢిల్లీలోను, చెన్నైలోను జాతీయ వార్ధక్య కేంద్రములు నిర్ణయింపబడినవి.

పేద వృద్ధులకు చేతికఱ్ఱలు, నడక ఊతలు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రములు, కండ్లద్దములు, కట్టుడుపండ్లు ఉచితముగా నిచ్చు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరున ప్రారంభమైనది. వృద్ధులకు సలహా, సహాయము లభించు టెలిఫోను సేవ 2017లో హైదరాబాదు నగరమున ఆరంభమై, 2021లో దేశమంతటికిని విస్తరింపబడినది. దాని సంఖ్య 14567. 2024 అక్టోబరునుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స వర్తించుచున్నది.

ఇవి యన్నియు మంచి యేర్పాట్లే. కాని పనికి తగినంతమంది పనివారు ఇంకను లేరు. కోట్లకొలది వృద్ధులకు ఈ శాఖలో శిక్షణ పొందిన వైద్యులు మిక్కిలి తక్కువ. కావున ప్రతి సాధారణ వైద్యునికిని, ప్రతి నర్సుకును, ప్రతి ఆశా కార్యకర్తకును ఈ శాస్త్రపు మొదటి పాఠములు తెలియవలెను. ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకు పథకమున్నను, ఇంటివద్ద దినదినమును కావలసిన సేవ కుటుంబముమీదనే, అందును ముఖ్యముగా భార్య, కోడలు, కుమార్తెలమీదనే పడుచున్నది. వారికిని విశ్రాంతి, శిక్షణ, సాయము కావలెను. సేవ చేయువారు క్రుంగినచో సేవ పొందువారును క్రుంగుదురు.

గృహస్థులు గమనింపవలసినవి

1. నిన్నటివరకు బాగుగా మాటలాడిన పెద్దవారు నేడు పొంతనలేకుండ మాటలాడినను, నిద్రమత్తుగా నున్నను, దానిని చాదస్తమని తలంపక ఆనాడే వైద్యునికి చూపవలెను.

2. వైద్యునికడకు పోవునప్పుడు వాడుచున్న మందులన్నిటిని, ఆకుపసరులు, చూర్ణములు, అంగడిలో కొన్న మాత్రలతో సహా, ఒక సంచిలో వేసికొని పోవలెను.

3. ఒకమారు పడిపోయినవారు మరల పడుదురు. దెబ్బ తగులకున్నను ఎందుకు పడిరో విచారింపవలెను.

4. రాత్రి పడకనుండి పాయఖానావరకు దీపముండవలెను. స్నానపుగదిలో నేల తడిలేకుండ, గోడకు పట్టుకొనుటకు కమ్మీ యుండవలెను. క్రుంగిపోయిన నులకమంచమునుండి లేచుట కష్టము. గట్టిగా, మోకాలెత్తున నున్న పడక మేలు.

5. మూత్రమునకు పలుమారులు లేవవలసివచ్చునని పెద్దవారు నీరు త్రాగుట మానుదురు. పగటివేళ తగినంత నీరు త్రాగింపవలెను. గుండె, మూత్రపిండముల జబ్బులవారు వైద్యుడు చెప్పిన కొలతను పాటింపవలెను.

6. గంజి, మజ్జిగలతోనే సరిపెట్టరాదు. పప్పు, పాలు, పెరుగు, అలవాటున్నచో గ్రుడ్డు, చేప ఇయ్యవలెను. కండ నిలుచుటకు మాంసకృత్తులు వృద్ధులకును ఆవశ్యకములు.

7. చూపు, వినికిడి, పండ్లు ఏటేట పరీక్ష చేయింపవలెను. వినబడనివారు సంభాషణకు దూరమై క్రమముగా మనస్సునందును ఒంటరులగుదురు. టీకాలను గూర్చియు వైద్యుని యడుగవలెను.

8. వారు చేసికొనగల పనిని వారిచేతనే చేయింపవలెను. ఆలస్యమైనను వారి చొక్కా బొత్తములు వారినే పెట్టుకొననీయవలెను. కూరగాయలు తరుగుట, పిల్లలకు చదువు చెప్పుట, మొక్కలకు నీరు పోయుట వంటివి చికిత్సలో భాగములే.

9. ఇంటి విషయములందు వారిని సంప్రదింపవలెను. వైద్యుడు వచ్చినప్పుడు రోగి సంగతిని బిడ్డలే చెప్పక, ముందుగా రోగినే చెప్పనీయవలెను.

ముగింపు

అరువది నిండినవారికి షష్టిపూర్తి చేసి, ఎనుబది దాటినవారికి సహస్ర చంద్రదర్శనోత్సవము జరిపి గౌరవించు సంప్రదాయము మనది. దీర్ఘాయువును పండుగ చేసికొను జాతి, ఆ ఆయువును మూలగదిలో మంచముపై గడుపవలసినదిగా విడుచుట తగదు. వార్ధక్యమును ఎవరును తప్పింపజాలరు. వయస్సువలన కలుగు మార్పులలో కొన్నిటిని ఓర్చుకొనవలసినదే. ఏది వయస్సో, ఏది వ్యాధియో తేల్చి చెప్పుట మాత్రము వైద్యుని పని; తేల్చి చెప్పుడని యడుగుట కుటుంబముయొక్క పని. "పెద్దతనము గదా" అను మాట నోట వచ్చినప్పుడెల్ల, ఆ మాటకు ముందుగా పరీక్ష జరిగినదా యని ప్రశ్నించుకొనవలెను. పరీక్ష జరుగకున్నచో, సమీపముననున్న ఆరోగ్యకేంద్రమునకు పెద్దవారిని వెంటనే తీసికొని పోవలెను. కదలలేనివారైనచో ఆశా కార్యకర్తద్వారా కబురు పంపవలెను.